రెండు వీపుల మధ్య లారీ

“బండి పడిందంట! ఒసేయ్, బండి పడిందంట!”

స్యోకావు ముసలమ్మ చెవులు పని మానేసి చాలాకాలమైంది. వాటి పని కూడా నోరే చేస్తోంది. కంచె అవతల ఎవరో ఏదో అరిచారు. ముసలమ్మ తనకు వినపడినదాన్ని రెట్టింపు గొంతుతో ఇంట్లోకి అందించింది.

జావ కలుపుతున్న వవిన్యా చేతిలోంచి గరిటె జారిపోయింది. ఆమె మొగుడు కిథేకా లారీ నడుపుతాడు. లారీ నడిపేవాడి పెళ్ళానికి ‘బండి పడింది’ అనే మాటకు ఒక్కటే అర్థం.

“ఎక్కడ పడింది నానమ్మా? ఎవరు చెప్పారు? ఆయనెలా ఉన్నాడు?”

“ఆయనా? ఆయనకేమే, పొద్దున్నుంచీ మేకలదొడ్డి దగ్గర గుండ్రాయిలా కూర్చున్నాడు మీ నాన్న!”

“నాన్న కాదే! నా మొగుడు!”

“మగ్గా? మగ్గు నీ పక్కనే ఉంది కదే, కళ్ళు కూడా పోయాయా నీకు?”

వవిన్యా తల మీద చేతులు పెట్టుకుని ఏడుపు అందుకుంది. మనవరాలు ఎందుకు ఏడుస్తోందో తెలియకపోయినా, తోడుగా ఉంటుందని ముసలమ్మ కూడా అందుకుంది. ఆ రెండు ఏడుపుల మధ్యలోకి పక్కింటి ఎంబితే కంచె సందులోంచి దూరి వచ్చి పడింది.

“ఎవరు పోయారే? ఎవరు పోయారు?”

“మా ఆయన బండి పడిందంట అక్కా!”

“బండి అని ఎవరన్నారు? గండి! వాగు గోడకి గండి పడింది! ఇందాకట్నుంచి గొంతు చించుకుంటున్నా!”

“అమ్మయ్య, గండేనా!” అంది వవిన్యా. అన్న మరుక్షణం తన నోరు తనే మూసుకుంది.

ఆ ఊళ్ళో బండి పడితే ఒక ఇల్లు ఏడుస్తుంది. గండి పడితే ఊరంతా ఏడవాలి. ఆ తర్వాత కళ్ళలో తప్ప ఇంకెక్కడా నీళ్ళుండవు.

అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. కటుంబి మాత్రం పొయ్యి ముఖం చూస్తోంది. ఆ ఇంటి ఇల్లాలు, వవిన్యా తల్లి ఆమె. ‘కటుంబి లేనిదే కుటుంబం లేదు’ అని ఊళ్ళో వాళ్ళు అనేంత నోరూ, చెయ్యీ ఉన్న మనిషి. వాగు కాపలా జట్టుకు ఆమే పెద్ద. ఈల ఆమె మెడలోనే ఉంటుంది. అలాంటి మనిషి గండి అన్న మాట విని కూడా పొయ్యి మీద మరుగుతున్న టీని చూస్తూ నిలబడింది. టీ మరుగుతోంది. అసలు మాట మరుగున ఉంది.

“వదినా,” అంది ఎంబితే గొంతు తగ్గించి. “వినపడిందా?”

“వినపడింది.”

“వినపడితే ఇలాగేనా ఉండేది?”

“ఎలా ఉండమంటావు? నేను పరిగెత్తితే గండి పూడుతుందా?”

నిన్నటి కటుంబి అయితే ఈపాటికి పైన కప్పుకునే లేసో గుడ్డ నడుముకు బిగించి, పార భుజాన వేసి, ఊరు మొత్తాన్ని తిట్టుకుంటూ వాగు దగ్గర ఉండేది. ఆ సంగతి ఎంబితేకి తెలుసు. ఎదుటి మనిషికి తెలిసిపోయిందన్న సంగతి కటుంబికీ తెలుసు.

కిలుంగు వాగు పేరుకే వాగు. ఏడాదిలో చాలా నెలలు అది వాగదు. వానల్లో నాలుగు రోజులు నోరు చేసుకుని, తర్వాత ఇసుక కప్పుకుని పడుకుంటుంది. దాని వంతు కూడా ఊరే వాగుతుంది. కానీ ఆ ఇసుక కడుపులోనే ఊరి నీళ్ళన్నీ ఉన్నాయి. రాళ్ళూ సిమెంటూ వార్డు కౌన్సిల్ ఇచ్చింది. ఒళ్ళు మ్వెథ్యా ఇచ్చింది. అంటే ఈ రోజు నీ చేను, రేపు నా చేను అంటూ వంతులేసుకుని పనిచేసే ఆడవాళ్ళ జట్టు. వాగుకు అడ్డంగా గోడ లేచింది. గోడ వెనక ఇసుక నిలిచింది, ఇసుకలో నీళ్ళు నిలిచాయి, ఆ నీళ్ళ మీద ఊరు నిలిచింది. కౌన్సిలూ ఊరూ కౌగిలించుకుని చేసిన పని అది. ఒప్పందం రాసుకున్న రోజున అందులో ఒప్పూ ఉంది, అందమూ ఉంది.

కౌగిలిలో ముల్లు కూడా ఉందని తర్వాత తెలిసింది. ఇసుక లారీ ఒక్కటి బయటికి పోయి, అది కాపలా జట్టు తప్పని సభలో తేలితే, వాగు మీద ఊరి పెత్తనం రద్దు. వాగు కౌన్సిల్‌ది అయిపోతుంది. కౌన్సిల్ దాన్ని ఎవరికిస్తే వాళ్ళది. దిగువ ఊరి వాగు అలాగే పోయింది. పోకముందు అక్కడ కాపలాదారు ముథియానీ కూడా పోయాడు. అతను తవ్వుకున్న చెలమలోనే అతన్ని బోర్లా పడుకోబెట్టి వెళ్ళారు. ఎవరు పడుకోబెట్టారో ఊరందరికీ తెలుసు. పేరు మాత్రం ఎవరికీ తెలియదు.

“వదినా, ఒక్కమాట అడుగుతా. కొట్టకు,” అంది ఎంబితే.

“కొడితే మాట ఆగుతుందా? అడుగు.”

“తెల్లారగట్ల గుట్ట మీద కట్టెలు ఏరుకుంటున్నా. వాగు దారి గేటు దగ్గర నువ్వు కనపడ్డావు. లారీ కూడా కనపడింది. నిండా ఇసుక. నువ్వు దానికి వీపు పెట్టి నిలబడ్డావు. తల మీద గుడ్డ కప్పుకుని మరీ.”

పొయ్యిలో పుల్ల చిటపటమంది.

“నేను తప్పు చూశానని చెప్పు వదినా. నా కళ్ళకి పొర వచ్చిందని చెప్పు, ఒప్పుకుంటా. ఈల మెళ్ళోనే ఉంది కదా?”

“ఉంది.”

“మరి?”

“మరీ లేదు, గిరీ లేదు. నువ్వు చూసిందే నిజం.”

ఎంబితే, కటుంబి ఒకే తట్టకు చెరో చెయ్యి వేసి ఆ గోడకు రాళ్ళు మోసినవాళ్ళు. “నేనొక్కదాన్నే చూడలేదు వదినా,” అంది ఎంబితే. “నాతో ఇంకో ఇద్దరున్నారు. వాళ్ళు అప్పుడే వార్డు ఆఫీసరు కిమేయు గారికి ఫోన్ చేసేశారు. మధ్యాహ్నం సభంట.” వచ్చిన కంచె సందులోంచే వెళ్ళిపోయింది. ఈసారి వంగిన నడుం ఎత్తకుండా వెళ్ళింది.

వవిన్యా వచ్చి తల్లికి ఎదురుగా నిలబడింది. కలుపు తీతకు సాయం చేద్దామని నాలుగు రోజులుగా పుట్టింట్లోనే ఉంది.

“ఏంటమ్మా ఇది? ఎందుకు తిప్పావు వీపు?”

“పని చూసుకో.”

“నా అత్తారింట్లో ఏమంటారో తెలుసా? ఈలమ్మ కూతురు అంటారు. ఆ మాట చెప్పుకుని తలెత్తుకు తిరిగాను. ఇప్పుడేమంటారు? గోలమ్మ కూతురనా? దొంగమ్మ కూతురనా?”

“వవిన్యా!”

“భయపడ్డానని చెప్పు, పోనీ! బెదిరించారని చెప్పు! ఏదో ఒకటి చెప్పమ్మా!”

కటుంబి కూతురి ముఖంలోకి చూసింది. చెప్పవచ్చు. చెబితే ఒక్క ముక్కలో అయిపోతుంది. ఆ ఒక్క ముక్కతో కూతురి కాపురం రెండు ముక్కలవుతుంది.

ఎందుకంటే తెల్లారగట్ల గేటు దగ్గర ఆమె మొదట చూసింది లారీని కాదు, అల్లుణ్ణి.

కటుంబి అప్పుడే కాపలాకి వచ్చి బండరాయి మీద కూర్చుని ఉంది. ముళ్ళతుమ్మల మధ్య కాలిబాటలో నీలం చొక్కా కదిలింది. అల్లుడు అల్లంత దూరాన ఉండగానే అత్త అత్తిపత్తి ఆకులా ముడుచుకోవాలి. ముఖాలు కలవకూడదు, మాటలు కలవకూడదు, పేరు నోట రాకూడదు. వాళ్ళ తాతల నాటి నుంచీ అంతే. కటుంబి లేచి, దారి దిగి, లేసో తల మీదుగా ముఖం మీదికి లాక్కుని వీపు తిప్పింది. అటు అల్లుడూ పొద వెనక్కి తప్పుకుని వీపు తిప్పాడు. గుట్ట మీది వాళ్ళకు అతను కనపడకపోవడానికి కారణం ఆ పొదే. ‘నువ్వు పో నాయనా’ అన్నట్టు ఆమె దగ్గింది. ‘మీరు పొండి’ అన్నట్టు అతను దగ్గాడు. ఎవరికి వాళ్ళు ఎదుటివాళ్ళు ముందు పోవాలని ఆగారు. ఎవరూ పోలేదు. దగ్గుల మీద దగ్గులు నడిచాయి.

అప్పుడు వాగు వైపు నుంచి ఇంజను మోత వచ్చింది.

తర్వాత గొలుసు గలగల. తాళం పగిలిన చప్పుడు కాదు, తాళంచెవి తిరిగిన చప్పుడు. బరువుకు మూలుగుతూ లారీ ఆమె వీపు వెనక నుంచి, అతని వీపు వెనక నుంచి, ఇద్దరి మధ్య నుంచి పోయింది.

ఈల పెదాల దాకా వచ్చింది. ఊదితే ఊరంతా పరిగెత్తుకొస్తుంది. వచ్చి ఎవర్ని పట్టుకుంటుంది? నీలం చొక్కాని. అల్లుడికి లారీ ఉంది. గేటు తాళానికి ఉన్నవి రెండే చెవులు. ఒకటి వార్డు ఆఫీసులో, రెండోది తన ఇంట్లో మేకుకు. ఇంట్లో నాలుగు రోజులుగా అల్లుడి పెళ్ళాం ఉంది. లెక్క కుదిరిపోయింది. కుదిరిన లెక్క గొంతుకు అడ్డం పడింది, ఈలకు గాలి అందలేదు.

ఇంటికొచ్చి చూస్తే తాళంచెవి మేకుకే వేలాడుతోంది. ఎవరూ తియ్యలేదా, తీసి మళ్ళీ పెట్టారా? మేకుకు కళ్ళుండవు.

“వవిన్యా,” అంది ఇప్పుడు, వీలైనంత మామూలుగా. “మీ ఆయన... ఈమధ్య లారీకి పని బాగా దొరుకుతోందా?”

“మాట మార్చకు!”

“మార్చడం లేదు. అడుగుతున్నా.”

“అసలు ఇప్పుడు ఆయన గొడవెందుకు?” అంది కూతురు. తల్లి కళ్ళలో ఏం చూసిందో గాని, ఒక అడుగు వెనక్కి వేసింది. “ఎందుకమ్మా అలా చూస్తున్నావు?”

కటుంబి టీ గ్లాసు పట్టుకుని బయటికి నడిచింది. మేకలదొడ్డి దగ్గర ఆమె భర్త మున్యావో ఒక కర్రను చెక్కుతున్నాడు. కర్ర చివర సూదిలా అయిపోయింది. అయినా చెక్కుతూనే ఉన్నాడు.

“వవిన్యా నాన్నా, విన్నావుగా?”

“ఊఁ.”

“మధ్యాహ్నం సభ.”

“ఊఁ.”

“ఊఁలు కాదు. నన్నేమీ అడగవా? ఊరంతా అడుగుతోంది.”

మున్యావో తలెత్తలేదు. “క్షేమంగా ఇంటికొచ్చావు,” అన్నాడు. “నాకది చాలు.”

ముప్పై మంది తిట్టినా చలించని మనిషికి ఆ మాట ఎందుకో మింగుడు పడలేదు. గ్లాసు అతని పక్కన పెట్టింది. అతను దాన్ని ముట్టుకోలేదు.

* * *

సభకు వెళ్ళే దారి వాగు పక్కనుంచే. చూడకూడదు అనుకుంటూనే అందరూ ఆగి చూశారు.

గోడ ఎడమ కొస దగ్గర ఇసుక తవ్వి తవ్వి పునాది బయటపెట్టారు. లారీ వెనక్కి తీసినప్పుడు తగిలిందో ఏమో, గోడ కొస విరిగి పక్కకు ఒరిగింది. ఆ సందులోంచి ఊరి ఏడాది నీళ్ళు బురదగా మారి దిగువకు జారుతున్నాయి. చప్పుడు లేదు. చప్పుడు చేసే వాగైతే ఎవరైనా ముందే మేలుకునేవాళ్ళు.

ఎగువన చెలమల దగ్గర పసుపురంగు నీళ్ళ డబ్బాలు వరసగా ఖాళీగా నిలబడి ఉన్నాయి. ఒకావిడ చెలమలోకి చెయ్యి పెట్టి తీసింది. మోచెయ్యి దాకా ఇసుక అంటింది. తడి మాత్రం వేళ్ళ కొసలకే. రోజూ అక్కడ కొట్టుకునే గాడిదలు ఇవాళ చెవులు దించుకుని నిలబడ్డాయి.

“అదుగో, ఈలమ్మ వస్తోంది,” అంది ఎవరో.

“ఈలమ్మా? ఈల అమ్మా?” అంది ఇంకెవరో. “ఈలను ఎంతకి అమ్మిందంటావు?”

నవ్వు రాలేదు ఎవరికీ. అన్నావిడకి కూడా రాలేదు.

జట్టు విత్తనాల కొట్టు ముందు రేకుల వసారా ఉంది. అక్కడే సభ. కానీ సభకన్నా ముందే రభస మొదలైంది. ముసలమ్మ స్యోకావు తన ముక్కాలిపీట తనే మోసుకొచ్చి ముందు వరసలో వేసుకుంది. వసారా చివర వాననీళ్ళ ట్యాంకు వెనక ఒక నీలం చొక్కా కనపడీ కనపడకుండా ఉంది. అత్త ఉన్న సభలోకి అల్లుడు రాకూడదు. రాకుండానూ ఉండలేకపోయాడు. కటుంబి లేసో లాక్కుని అటు వీపు వచ్చేలా కూర్చుంది.

వార్డు ఆఫీసరు కిమేయు గారు మెత్తటి మనిషి. మాట మెత్తన, నడక మెత్తన. నడుముకు వేలాడే ఆఫీసు తాళంచెవుల గుత్తి ఒక్కటే కటువు. మాట్లాడేటప్పుడు దాన్ని వేళ్ళతో గలగలలాడించడం ఆయన అలవాటు.

“అందరం మనవాళ్ళమే,” అన్నారు. “నేను ఆఫీసరునే గాని, మీ ఇంట్లో జావ తాగినవాణ్ణి. అమ్మా కటుంబీ, విచారణ అయ్యేదాకా ఆ ఈల ఇలా ఇవ్వు. పద్ధతి కదా.”

కటుంబి మెడలోంచి తాడు తీసి బల్ల మీద పెట్టింది. ఆయన దాని మీద అరచెయ్యి ఆనించారు, పిల్లి తోక మీద చెయ్యి వేసినంత సుతారంగా.

“లారీ పోవడం ఆపలేకపోయావా, ఆపలేదా? ఆ ఒక్కటీ చెప్పు తల్లీ. ఆపలేకపోయావంటే అది ప్రమాదం. ఆపలేదంటే జట్టు తప్పు. జట్టు తప్పైతే వాగు సంగతి ఏమిటో ఒప్పందంలో మీరే రాసుకున్నారు. నాకు చాలా బాధగా ఉంటుంది.” గుత్తి గలగలమంది.

“చెప్పు వదినా!” అంది వెనక నుంచి ఎంబితే. ఆమె గొంతు బతిమాలుతోంది. “నీ నోటికి ఏమొచ్చింది ఇవాళ?”

“చెప్పమ్మా!” అంది వవిన్యా.

కటుంబి నోరు తెరిచింది. మూసుకుంది. ఊరి నీళ్ళు ఒక పక్క, కూతురి కన్నీళ్ళు ఒక పక్క. ఎటు ఒలికినా తన చేతి మీదుగానే ఒలకాలి.

“ఆపలేదు,” అంది.

వసారా అంతా గొల్లుమంది. “విన్నారుగా!” అన్నారు కిమేయు గారు విచారంగా. “విన్నారుగా అందరూ!”

“నేను!”

ట్యాంకు వెనక నుంచి వచ్చింది ఆ కేక.

“నేనే చేశాను! లారీ నాది. గొలుసు నేనే తెంపాను. కాపలా ఉన్నావిడకి ఏమీ తెలీదు. ఆవిణ్ణి ఏమీ అనకండి!”

వవిన్యా నిలబడిన చోటే కూలబడిపోయింది. కటుంబి అనుకున్నదే నిజమైంది. పొద్దుట్నుంచి ఊరికి వీపు పెట్టి మోసిన బరువు, అల్లుడే దించి నడివీధిలో పెట్టేశాడు.

కానీ ఎంబితే చెట్టంత ఎత్తున లేచింది.

“ఏం గొలుసు తెంపావయ్యా నువ్వు? గొలుసు శుభ్రంగా ఉంది, దానికి తాళం వేసి మరీ ఉంది! ఇందాకే చూసొచ్చా. ఇంకో మాట. నీ లారీయా? నిన్న సంతకి జొన్నలు తీసుకెళ్తే నా కళ్ళతో చూశా. చక్రాలు ఊడదీసి ఇటుకల మీద నిలబెట్టి ఉంది మెకానిక్కు దగ్గర. అది రాత్రికి రాత్రి ఇటుకల మీద నడిచొచ్చిందా?”

“అవునవును, మేమూ చూశాం,” అన్నారు నలుగురు.

ట్యాంకు వెనక నీలం చొక్కా ఇంకొంచెం లోపలికి జరిగింది.

కటుంబికి అప్పుడు వెలిగింది. వెలిగినది కళ్ళ దాకా రావడానికి ఒక్క క్షణం పట్టింది. అల్లుణ్ణి నేరుగా అడగడానికి లేదు. చుట్టూ చూసింది. పక్కన ఎవరిదో ఖాళీ నీళ్ళ డబ్బా ఉంది. దాన్ని ముందుకు లాక్కుంది.

“ఓ డబ్బా!” అంది గట్టిగా. “ట్యాంకు వెనక ఉన్న మనిషిని అడుగు. లారీ లేనివాడు లారీ దొంగతనం నెత్తిన ఎందుకు వేసుకుంటున్నాడో అడుగు.”

“ఓ డబ్బా!” అంది ట్యాంకు వెనకనున్న గొంతు. “ఈల ఉండీ ఊదని మనిషిని ఊరు ఏమంటుందో నాకు తెలుసని చెప్పు. ఆవిడ కావాలనే లారీని వదిలేశారనుకున్నాను. ఏ కష్టం వచ్చి వదిలారో నాకు తెలీదు. నా పెళ్ళాన్ని కన్న తల్లి. ఆవిణ్ణి దొంగ అంటుంటే వినలేకపోయానని చెప్పు.”

“డబ్బా, ఆ లారీ ఆయనదనుకున్నానని చెప్పు! ఊదితే నా కూతురి కొంప మునుగుతుందని ఊదలేదని చెప్పు!”

డబ్బా ఏమీ చెప్పలేదు. పాపం, ఖాళీగా ఉంది.

చెప్పాల్సిన అవసరమూ లేకపోయింది. అత్త దొంగ అని అల్లుడు, అల్లుడు దొంగ అని అత్త, ఒకరి దొంగతనాన్ని ఒకరు దాచి, ఇద్దరూ వీపులు తిప్పి దగ్గుతుంటే అసలు దొంగ వాళ్ళ మర్యాద మధ్య నుంచే లారీ నడుపుకుపోయాడు. ఊరికి అర్థమైంది. ముందు ఒకావిడ నవ్వింది. తర్వాత పదిమంది. కూలబడిన వవిన్యా ఏడుస్తూ నవ్వుతోంది.

“ఏమంటున్నారే? నాకూ చెప్పండే!” అంది ముసలమ్మ స్యోకావు.

ఎంబితే ఆవిడ చెవిలో నోరు పెట్టి అరిచింది. “నీ కోడలు దొంగ కాదంట! మనవరాలి మొగుడూ దొంగ కాదంట! ఒకళ్ళనొకళ్ళు దొంగనుకున్నారంట! ముఖాలు తిప్పుకోవడం వల్ల!”

“అదా!” అంది ముసలమ్మ. “మరి దొంగెవరంట?”

నవ్వులు ఒక్కొక్కటే ఆరిపోయాయి.

కటుంబి మళ్ళీ డబ్బా మీద చెయ్యి వేసింది. ఈసారి గొంతు పెరగలేదు. “డబ్బా, ఇంకొక్కటి అడుగు. అంత పొద్దున్నే, నా కాపలా వేళకి, ఆ దారిన ఎందుకొచ్చాడో అడుగు.”

“ఎందుకేమిటి? మామగారు ఫోన్ చేశారు,” అన్నాడు కిథేకా. “వవిన్యాకి ఒంట్లో బాగోలేదు, తెల్లారేసరికి రమ్మన్నారు. అత్త... ఆవిడ కాపలా ఉండే వేళ కదా, పైదారిన వస్తానన్నాను. వద్దు, గేటు దారినే రా అన్నారు. గేటు దాకా వచ్చాక ముందుకు రాలేక వెనక్కి వెళ్ళిపోయాను.”

“నాకేమయింది?” అంది వవిన్యా. “నేను బాగానే ఉన్నానే!” అని, తండ్రి వైపు తిరిగింది. “నాన్నా?”

మున్యావో వసారా స్తంభాన్ని ఆనుకుని కూర్చున్నాడు. పొద్దున చెక్కిన కర్ర చేతిలోనే ఉంది.

“వవిన్యా నాన్నా,” అంది కటుంబి. “ఇది డబ్బాని అడగలేను. నిన్నే అడుగుతున్నా.”

అతను చేతిలోని కర్రను పక్కన పెట్టాడు.

“మొన్న ఇసుకవాళ్ళు దొడ్డి దగ్గరికి వచ్చారు,” అన్నాడు. “నువ్వు నీళ్ళకి వెళ్ళావు. ‘మీ ఆవిడ ఈల బాగా ఊదుతుందట కదా’ అన్నారు. ‘దిగువ ఊళ్ళో ముథియానీ కూడా బాగా ఊదేవాడు’ అన్నారు. అంతే. ఇంకేమీ బెదిరించలేదు. మేకపిల్ల తల నిమిరి వెళ్ళారు.”

మున్యావో కటుంబి వైపు తిరిగాడు.

“ఎల్లుండి తెల్లారగట్ల ఒక్క బండి పోతుందన్నారు. గోడ జోలికి వస్తారని నాకు తెలీదు కటుంబీ. నువ్వు చూస్తే ఊదుతావు. ఊదితే వాళ్ళు బండి ఆపరు. నువ్వు దారి తప్పుకోవు. ఇన్నేళ్ళు కాపురం చేశాను, నాకు తెలీదా నువ్వేంటో? నువ్వు చూడకుండా ఉండాలంటే లోకంలో ఒక్కటే మార్గం. నీ అల్లుడు ఎదురు రావాలి.”

కటుంబికి కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ దాని వెంట ఇంకేదో వచ్చి దాని చెయ్యి పట్టుకుంది.

“ఊరి నీళ్ళు పారబోశావు కదయ్యా,” అంది.

“నిన్ను మిగుల్చుకున్నాను.”

“మరి తాళంచెవి?” అంది ఎంబితే గట్టిగా. “అది కూడా మేకు మీంచి తీసి నువ్వే ఇచ్చావా అన్నా?”

“లేదు. ఒట్టు. నేనివ్వలేదు.” మున్యావో తల అడ్డంగా ఊపాడు. “వాళ్ళు అసలు అడగలేదు.”

“అడగకుండా ఎలా తీశారు తాళం?”

“అదే నాకూ అర్థం కాలేదు,” అన్నాడు మున్యావో మెల్లగా. “తాళంచెవి మాటే ఎత్తలేదు.”

కిమేయు గారి నడుము దగ్గర అప్పటిదాకా గలగలమంటున్న గుత్తి ఆగిపోయింది.

ఆగాకే తెలిసింది అందరికీ, ఇంతసేపూ అది మోగుతూనే ఉందని.

కిమేయు గారు మెత్తగా దగ్గారు. “భయపడకు మున్యావో. నేనున్నాను కదా. నీ దొడ్డి దగ్గరికి వచ్చిందెవరు? వాళ్ళ వెంట ఇంకెవరైనా ఉన్నారా? చెప్పు. అందరం మనవాళ్ళమే.”

మున్యావో స్తంభం పట్టుకుని లేచాడు. నెత్తి మీది టోపీ తీశాడు. పేరు చెబుతాడని ఊరంతా మెడలు చాచింది. అతను పేరు చెప్పలేదు. టోపీని ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. నెమ్మదిగా, కిమేయు గారికి మాత్రమే వీపు వచ్చేలా తిరిగి, అలాగే నిలబడ్డాడు.

వసారాలో ఈగ వాలిన చప్పుడు వినపడేలా ఉంది. ఆ చప్పుడు కూడా వినపడని మనిషి అక్కడ ఒక్కతే.

“అదేంట్రా అబ్బాయ్!” అని అరిచింది స్యోకావు ముసలమ్మ. “ఆయనేమన్నా నీకు అత్తగారా, అలా ముఖం చాటేస్తున్నావు?”

ఎవరూ నవ్వలేదు.

కటుంబి చెయ్యి దానంతటదే మెడ దగ్గరికి వెళ్ళింది. అక్కడ తాడు లేదు. ఈల బల్ల మీద, కిమేయు గారి అరచేతి కింద ఉంది. ఆమె చూస్తుండగానే ఆ అరచెయ్యి మెత్తగా, చప్పుడు లేకుండా, పిడికిలి అయింది.